క్రొత్త ఱంపము, పాత చేయి

మా పాఠశాల చేతిపనుల గదిలో కిటికీ క్రింద నొక చెక్కపెట్టె కలదు. కోతలో చెడిపోయిన ముక్కలను అందులో వేయుట వాడుక. చేతి ఱంపములతో పనిచేసిన సంవత్సరములలో అది వేసవి సెలవులు సమీపించువరకు నిండెడిది కాదు. ఈ సంవత్సరము స్క్రోల్ సా అను విద్యుచ్ఛక్తితో నడచు ఱంపము వచ్చిన పిదప, మొదటి మూడు మాసములలోనే రెండు మారులు నిండినది. తలిదండ్రుల సభనాడు ఆ పెట్టెను చూచినవారిలో కొందఱు, యంత్రము వచ్చినచో పని బాగుపడవలెను గాని చెడునా యని యడిగిరి. మఱికొందఱు, వార్షిక ప్రదర్శనము ముగియువరకు యంత్రమునకు తాళము వేసి, పిల్లలచేత పాత ఱంపములతోనే పని చేయించుట మేలనిరి. ఒక తండ్రిగారు, “మావాడు బడికి వచ్చునది లెక్కలు నేర్చుటకా, ఱంపపుపొట్టు మ్రింగుటకా?” అనిరి.

ఈ ప్రశ్నలు కోపముతో నడిగినవి కావు. కావుననే సావకాశముగా ప్రత్యుత్తరము వ్రాయదలచితిమి. మా యభిప్రాయమును ముందుగనే చెప్పివేయుదుము. ఆ పెట్టె నిండుట యంత్రదోషము కాదు; పిల్లల యశ్రద్ధయు కాదు. ఒక పనిముట్టును బాగుగా నెఱిగిన చేయి మఱియొక దానికి అలవాటుపడునప్పుడు, కొంతకాలము, ఏమియు నెఱుగని చేతికన్నను హీనముగా పనిచేయును. ఆ కాలమున దానికి మార్కులు వేయుట యన్యాయము. ఆ యన్యాయమును మేమే చేసియున్నాము గనుక ఈ మాటను గట్టిగా చెప్పగలుగుచున్నాము.

రెండు ఱంపములకును గల భేదమును ముందు తెలిసికొనవలయును. ఫ్రెట్ సా అని పిలువబడు చేతి ఱంపము విల్లువలె వంగిన యినుప చట్రము. దాని రెండు కొనల నడుమ తలవెండ్రుకకు అన్నగారివంటి సన్నని బ్లేడు బిగింపబడి యుండును. బల్ల యంచున నొక చీలికగల పలకను బిగించి, దానిపై చెక్కను ఎడమచేత నదిమిపట్టి, కుడిచేత ఱంపపు పిడిని క్రిందికి లాగుదుము. ఇచ్చట చెక్క యించుమించుగా కదలదు. ఱంపమే గీత వెంబడి నడచును. దానికి దారి చూపునది కుడిచేతి మణికట్టు. క్రొత్త యంత్రములో నిది తలక్రిందైనది. బ్లేడు రెండు చేతులవంటి కమ్ముల నడుమ నిలువుగా నిలిచి, బల్లనడిమి రంధ్రమునుండి ఉన్నచోటనే పైకి క్రిందికి ఆడుచుండును. మరను త్రిప్పుకొలదిని నిమిషమునకు నాలుగైదు వందల మారులు మొదలు పదునారు వందలకు పైగా నాడును. ఱంపము కదలదు, రెండు చేతులతో చెక్కనే కదల్పవలెను. గీత కుడికి తిరిగినచో చెక్కను ఎడమకు త్రిప్పవలెను. కలము ఒక్కచోట నిలిచియుండ, కాగితమును జరుపుచు అక్షరములు వ్రాయుమన్నచో మనలో నెందఱి దస్తూరీ నిలుచునో చదువరులే యూహింపుడు.

సైకిలు చక్కగా త్రొక్కువాడు మొదటిసారి మూడు చక్రముల రిక్షా నెక్కినప్పుడు జరుగు విచిత్రమును మనలో పలువురు చూచియే యుందురు. ఒడలు వాల్చి మలుపు తిరుగుట అతనికి స్వభావమైపోయినది. రిక్షా ఒడలు వాల్చినంతమాత్రమున తిరుగదు. తిన్నని బాటమీద వంకరలు తిరిగి కాలువగట్టు పట్టును. సైకిలు రానివాడు మాత్రము పిడిని త్రిప్పి మెల్లగా పోవును.

ఇక మా తెలివి సంగతి. యంత్రము వచ్చిననాడు దానిని బిగించినవారము మేమే. బ్లేడు పండ్లు క్రిందిచూపు గలిగియుండవలెను. అప్పుడే కోతబలము చెక్కను బల్లకు అదిమిపట్టును. పండ్లు మిక్కిలి సన్ననివి గనుక కంటికి తెలియక, బ్లేడును తలక్రిందుగా బిగించితిమి. మీట నొక్కిన తోడనే చెక్క కప్పవలె బల్లమీద నెగురసాగినది. పిల్లలు నవ్విరి, మేమును నవ్వితిమి. గోటిని బ్లేడుమీద మెల్లగా క్రిందికిని పైకిని నడపినచో పండ్ల దిశ తెలియునని తరువాత తెలిసికొంటిమి. మా తప్పునకు మాకెవ్వరును మార్కులు తగ్గింపలేదు. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలసినదిగా కోరుచున్నాము.

బ్లేడు బిగువు మఱియొక చిక్కు. వదులైనచో చెక్క నడుమ వంగి, కోత వాలును. మితిమీరి బిగించినచో తెగును. ఎంత బిగువు చాలునో పుస్తకములోని మాటలవలన తెలియదు. బ్లేడును వ్రేలితో మీటినచో తంబుర తీగవలె స్పష్టమైన హెచ్చు స్వరము పలుకవలెను. మ్రోగక దడదడలాడినచో ఇంకను బిగింపవలెను. మా విద్యార్థులలో సంగీతము నేర్చుకొనుచున్న యొక బాలిక ఈ పనిని మా యందఱికన్న ముందుగా పట్టుకొనెను. బల్ల సమముగా నున్నదో లేదో చూచుట కొక చిన్న యుపాయము కలదు. మందపు చెక్క యంచున కొద్దిగా గాటుపెట్టి, యంత్రము నాపి, ఆ చెక్కను బ్లేడు వెనుకకు త్రిప్పి తెచ్చి, ఆ గాటిలో బ్లేడు వీపు సరిగా దూరునేమో చూడవలెను. దూరకున్నచో బల్ల ఒకప్రక్కకు వాలినదన్నమాట.

అయితే పెట్టె నిండుటకు ముఖ్యకారణము ఇవి యేవియు కావు. సాధారణపు బ్లేడులను చేయునప్పుడు పండ్ల కొకప్రక్కను సన్నని గరుకు మిగిలిపోవును. ఆ ప్రక్కన పదు నెక్కువ. అందుచేత చెక్కను గీతకు సూటిగా త్రోసినను కోత ఆ ప్రక్కకే, సాధారణముగా కుడివైపునకే, ఒరిగిపోవును. ఇది చెడ్డ బ్లేడు లక్షణము కాదు; మంచివానికిని కొంతకొంత యుండును. దీనికి మందు ఒక్కటే. గీత తిన్ననిదైనను చెక్కను కొంచెము ఏటవాలుగా పట్టి త్రోయవలెను. ఆ వాలు ఎంతయో ప్రతి బ్లేడును వేఱువేఱుగా చెప్పును. కన్ను ‘తిన్నగా పొమ్ము’ అనును. బ్లేడు ‘వాలుగా రమ్ము’ అనును. ఈ రెంటికిని సంధి కుదురువరకు చెక్కలు చెడును.

చేతి ఱంపమున కలవాటుపడినవాడు ఇచ్చట చేయు పొరపాటు ఏమనగా, కోత గీతనుండి తొలగిన తోడనే మణికట్టుతో ఱంపమును ప్రక్కకు త్రోసి సరిచేయబోవును. త్రోయుటకు చేతిలో ఱంపము లేదు, చెక్క యున్నది. ఆ చెక్కతో బ్లేడును ప్రక్కకు నెట్టును. బ్లేడు విల్లువలె వంగును. పైన గీతమీద నున్నట్లే కనబడును గాని లోన కోత వాలిపోవును. కొంతసేపటికి బ్లేడు పుటుక్కున తెగును. అట్లు కోసిన ముక్క దాని చోటినుండి ఒకవైపునకు మాత్రమే యూడివచ్చును, రెండవవైపునకు రాదు.

ఇప్పుడు మేము చేసిన యన్యాయమును చెప్పెదము.

తొమ్మిదవ తరగతిలో నొక విద్యార్థి కలడు. అతనిది తరతరములుగా వడ్రంగము చేయు ఇల్లు. పసితనమునుండి తండ్రి ప్రక్కను కూర్చుండి ఉలి నూరుటయు చిత్రిక పట్టుటయు నేర్చినవాడు. గత సంవత్సరము చేతి ఱంపముతో నొక జాలీపలక కోసి ప్రదర్శనమున మొదటి బహుమానము పొందెను. క్రొత్త యంత్రమును చూచి అందఱికన్న ఎక్కువగా సంతోషించినవాడు నతడే. మొదటి రెండు వారములలో అందఱికన్న ఎక్కువ బ్లేడులు విరిచినవాడు నతడే. అదే తరగతిలో ఎన్నడును ఱంపము పట్టని యొక బాలిక, మఱచిపోవలసిన దేమియు లేదు గనుక, రెండవ వారముననే అలలవంటి గీతను చక్కగా కోసెను. మేము పుస్తకము తెఱచి ఆ బాలికకు పదింట ఏడును, ఈ బాలునకు పదింట మూడును వేసితిమి. కోతను చూచి వేసిన మార్కులే. కూడికలో తప్పు లేదు. కాని తరగతిలో నెవరో, “వడ్రంగి కొడుక్కి రంపం రాదట!” అని నవ్విరి. మేము ఆ నవ్వును వెంటనే వారింపలేదు.

మరుసటి వారము చేతిపనుల గంటలో ఆ బాలుడు వెనుక బల్లమీద కూర్చుండి లెక్కలు చేసికొనుచుండెను. పిలిచి యడుగగా, “మాస్టారూ, ఈ పని నాకు రాదండి. పాత రంపం ఇప్పించండి, లేకపోతే లెక్కలు చేసుకుంటాను” అనెను. కోపము లేదు, కన్నీరు లేదు. తనకు తెలిసిన యొకేయొక విద్యలో తాను పనికిరానివాడనని పుస్తకములో వ్రాయబడియుండగా చూచిన పిల్లవాడు అంతకన్న నేమనును?

తరువాత నొకనాడు అతని తండ్రిగారు కిటికీ తలుపులు బాగుచేయుటకు వచ్చి, యంత్రమును చూచి, ఒకసారి ముట్టవచ్చునా యని యడిగిరి. ముప్పదేండ్లుగా ఱంపము పట్టిన చేయి. రెండు నిమిషములలో బ్లేడు తెగినది. ఆయన సిగ్గుపడలేదు సరిగదా, విరిగిన ముక్కను వెలుతురులో పట్టి చూచి, “దీనికి చెయ్యి వేరే పెట్టాలండి. కొత్త పనిముట్టు దగ్గర నేనూ కొత్తవాడినేగా” అని నవ్విరి. పిమ్మట మా చెడినచెక్కల పెట్టెలోనుండియే యొక ముక్కను తీసి, పెన్సిలుతో తిన్నని గీతలు పది గీచి, యొకదాని తరువాత నొకటి కోయుచు గంటసేపు గడపిరి. మొదటి గీతయు పదవ గీతయు ఒకే మనిషి చేసినవని యెవరును నమ్మరు. కుమారుడు గుమ్మము వద్ద నిలువబడి చూచుచుండెను. తండ్రి ఆ చెక్కను అతనికి చూపలేదు, ఉపదేశమును చేయలేదు. కిటికీ పనికి పోయెను.

ఆనాడు మాకు తోచిన దేమనగా, బడి కంటె వడ్రంగి యిల్లు ఈ విషయమున నెక్కువ తెలివి గలది. అక్కడ చెడినచెక్క ఖర్చు. బడిలో నది తప్పు. ఖర్చును లెక్కవ్రాసికొని ముందునకు పోవచ్చును. తప్పు పిల్లవాని పేరునకు అంటుకొనును.

బడిలో చేతిపని పెట్టిన పెద్దలు ఈ సంగతి నెఱుగనివారు కారు. 1866వ సంవత్సరమున ఫిన్లండు దేశమున ఉనో సిగ్నేయస్ అను విద్యావేత్త చేతిపనిని ప్రజాపాఠశాలలలో నిర్బంధముగా ప్రవేశపెట్టించెను. 1870వ దశకమున స్వీడను దేశపు నేస్ అను చోట ఆటో సాలమన్ దొర స్లాయిడ్ అను పేర ఈ విద్యను ఉపాధ్యాయులకు నేర్పసాగెను. పిల్లవాని పనిలో ఉపాధ్యాయుడు తన చేయి పెట్టరాదనుట ఆయన పట్టుదల. చేయి పెట్టినచో వస్తువు చక్కనగును. పిల్లవాడు మాత్రము ఉన్నచోటనే యుండును. మన దేశమున 1937లో గాంధీ మహాత్ముడు వార్ధా సభలో చేతిపనినే చదువునకు నడిమి స్తంభముగా చేయవలెనని ప్రతిపాదించెను. వీరెవ్వరును చేతిపనిని పిల్లలను వడ్రంగులుగా చేయుటకై పెట్టలేదు. చేయుటకై పెట్టినను అందులో అవమాన మేమున్నదో మాకు తెలియదు.

మా యంత్రమునకు ఒప్పగించిన పని యొక పటము. 2022వ సంవత్సరమున ఆంధ్రప్రదేశపు 13 జిల్లాలు 26గా ఏర్పడినప్పటి పటమును ప్లైవుడ్డుమీద నంటించి, జిల్లాల సరిహద్దుల వెంబడి కోసి, చిన్నతరగతుల పిల్లలు కూర్చుకొనునట్లు చేయవలెనని యుద్దేశము. ఈ యూహ మాది కాదు. 1760వ దశకమున లండను నగరమున జాన్ స్పిల్స్‌బరీ యను పటములు చెక్కువాడు దేశపటములను పలుచని చెక్కపై నంటించి, దేశముల యెల్లల వెంబడి కోసి, భూగోళము నేర్చు పిల్లలకై విక్రయించెను. నేడు అంగళ్లలో దొరకు జిగ్ సా ఆటకు మూల మదియే. ఆ పేరు మాత్రము ఱంపమునుబట్టి తరువాత వచ్చినది.

ఒకరు, ఇట్టి పటము ప్లాస్టికుతో చేసినది అంగడిలో దొరకునుగదా యనిరి. దొరకును. అయినను కోనసీమ యంచును చేతితో త్రిప్పి కోసిన విద్యార్థి గోదావరి పాయలను మఱవడు. మా పలక రెండడుగులది. యంత్రమున బ్లేడునకును వెనుక స్తంభమునకును నడుమ దూరము పదునారంగుళములే. పలకను నడుమ త్రిప్పబోగా మూల వెళ్లి స్తంభమునకు కొట్టుకొనెను. ఎక్కడనో ముందుగా రెండుగా చీల్పక తప్పదు. ఎక్కడ చీల్పవలెనని తరగతిని అడుగగా, కృష్ణ వెంబడి చీల్పుదమని యొకడు చెప్పెను. పటము చూడగా అది యథార్థము: రాష్ట్రములోనికి ప్రవేశించినది మొదలు సముద్రమువరకు, ఒక గట్టున పల్నాడు, గుంటూరు, బాపట్ల జిల్లాలును, రెండవ గట్టున ఎన్.టి.ఆర్., కృష్ణా జిల్లాలును గలవు, నదియే యెల్ల. భూగోళపు గంటలో ఏడాదిపొడుగున చెప్పినను ఈ సంగతి వారి కింతగా పట్టియుండదు. యానాము పుదుచ్చేరికి చెందినది గదా, దానిని వేఱుముక్కగా కోయవలదా యని యింకొకడు వాదించెను. మా పటములో నది శనగగింజంతయు లేదు. చిన్న బర్మాతో నొక రంధ్రము చేసి యూరకుంటిమి.

వ్రేలు తెగు భయమును గూర్చి యడిగిన తల్లులకు వేఱుగా చెప్పవలెను. వారి భయము న్యాయమైనది. ఈ యంత్రము గుండ్రని ఱంపములవంటి క్రూరమైనది కాదుగాని, బ్లేడు బ్లేడే. సెప్టెంబరులో నొక విద్యార్థి వ్రేలికొన కొద్దిగా చీరుకొన్నది. కట్టు కట్టి పంపితిమి. వ్రేళ్లు గీతకు ఎదురుగా నుంచరాదు. బ్లేడు మార్చునప్పుడు మీట నొక్కి ఆపుటయే గాక తీగను గోడనుండి యూడదీయవలెను. జడ వెనుకకు ముడువవలెను. కంటికి అద్దములును, ముక్కునకు గుడ్డయు లేనిదే యెవరును బల్ల ముందు కూర్చుండరాదు. ఒకేసారి ఒకరే. ఈ నియమములను తప్పినవారికి మార్కులు తగ్గించుటకు మాకు సంకోచము లేదు. ఏలయనగా నిది నేర్పు కాదు, నడవడి.

కోతకు మాత్రము మొదటి పది వారములు మార్కులు వేయరాదని మా కోరిక. దీనిని పాఠశాలాధికారులకును విన్నవించియున్నాము. ఆ పది వారములలో ప్రతి విద్యార్థియు చెడినచెక్కల మీదనే తిన్నని గీత, అల, మూల, చుట్టు అను నాలుగు కోతలను మఱల మఱల కోయవలెను. ప్రతి ముక్కమీద తేదీని వ్రాయవలెను. పని తెలిసిన చేయి ఎక్కువ కాలము పట్టినచో ఎక్కువ కాలమే యియ్యవలెను. ‘నీకు తెలిసియుండవలెనే’ అను మాట ఉపాధ్యాయుల నోట రాకూడదు. బ్లేడుల ఖర్చు నిజముగా పెరిగినది. డజనుల లెక్కన తెప్పించుచున్నాము. ఈ ఖర్చును ప్రదర్శనపు అలంకారములలో తగ్గించుకొందము. రంగుకాగితపు తోరణములు లేకున్నను పటము పటమే.

ఆ బాలుడు నవంబరులో మఱల వచ్చెను. మేము పిలువలేదు. పెట్టెలోనుండి తండ్రి కోసిన పది గీతల చెక్కను వెదకి తీసి, దాని రెండవ ముఖమున తాను పది గీచికొనెను. డిసెంబరు రెండవ వారమున కృష్ణను కోయు పని అతనికే యిచ్చితిమి. జగ్గయ్యపేట వైపున మొదలుపెట్టి, ఊపిరి బిగబట్టి, విజయవాడవరకు వెండ్రుకవాసి తప్పక తెచ్చెను. బ్యారేజి దాటి నది దక్షిణమునకు తిరుగుచోట మణికట్టు పాతబుద్ధి చూపినది. గుంటూరు జిల్లా యంచు నూలుపోగంత లోపలికి పోయినది. అతడే ముందుగా చూచి మాకు చూపెను. మఱియొక పలక తీసికొందమా యనగా, “వద్దండి, సముద్రం దాకా పోనీండి” అనెను. పటమును కూర్చి చూచువారు ఆ మలుపువద్ద సన్నని సందును గమనింపగలరు. దానిని మక్కుతో పూడ్పవలదని తరగతి నిర్ణయించినది.

ఫిబ్రవరి ప్రదర్శనమున పటమును కిటికీ ప్రక్క బల్లమీద నుంచెదము. పెట్టెను దాని క్రిందనే, మూత తీసి, ఉంచెదము. తేదీలు వ్రాసిన ముక్కలను తలిదండ్రులు చేతులతో తీసి చూడవచ్చును. వంటయింటి ఆయమ్మ ఆ చెక్కలను పొయ్యిలోనికి ఇప్పటికే రెండు మారులు అడిగినది. ప్రదర్శనము ముగియువరకు ఆగుమని చెప్పియున్నాము.